వికీపీడియాలో ఓ లింకు వేసుకుందామా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మార్కెటింగ్ మేనేజరు గారు నా సీటు దగ్గరికొచ్చి, "వికీపీడియాలో మన సైటు లింకులు ఓ నాలుగు పడెయ్యవయ్యా, ట్రాఫిక్ దానంతటదే వస్తుంది" అన్నారు. కాదనే ధైర్యం ఎక్కడిది? నాలుగు వ్యాసాల అడుగున, బయటి లింకులుండే చోట పెట్టేశాను. టీ తాగి వచ్చేసరికి రెండు ఎగిరిపోయాయి. సాయంత్రానికి మిగతా రెండూ పోయి, నా చర్చాపేజీలో ఓ హెచ్చరిక వెలిసింది. నిజంగా సిగ్గేసింది. ఆయన చిట్కాకి కాలం చెల్లి అప్పటికే పదేళ్ళు దాటిందని తర్వాత తెలిసింది :)

అసలు కథ 1998లో మొదలు. స్టాన్‌ఫర్డ్‌లో పేజ్, బ్రిన్‌లు లింకుని ఓటుగా లెక్కేశారు. పెద్ద పేజీ వేసే ఓటుకి విలువ ఎక్కువ. 2001లో వికీపీడియా వచ్చింది. ఎవరైనా దిద్దొచ్చు, పైగా గూగుల్లో పైపైన కనబడుతుంది. ఇంకేం, లింకులమ్ముకునే వాళ్ళకి పండగ!

2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి 'నోఫాలో' అనే గుర్తుని ఒప్పుకున్నాయి. "ఈ లింకు ఇక్కడుంది గానీ దీనికి నా పూచీ లేదు" అని సెర్చింజనుకి చెప్పడమన్నమాట. ఇంగ్లీషు వికీలో దాన్ని పెట్టారు, వాడుకరులు వద్దంటే తీసేశారు. మంచి సైటుకి దక్కాల్సిన పేరు ఎందుకు ఆపాలన్నది వాళ్ళ వాదన. న్యాయమే.

2007 జనవరిలో జిమ్మీ వేల్స్ మళ్ళీ పెట్టించారు. 'గ్లోబల్‌వార్మింగ్ అవేర్‌నెస్2007' అనే అర్థంపర్థంలేని మాటకి గూగుల్లో మొదటి స్థానం ఎవరు కొడతారని అప్పట్లో ఓ పోటీ నడిచింది. దాని తాకిడి వికీపీడియా మీద పడుతుందన్న భయం ఆ నిర్ణయానికి ఓ కారణం. అందరి ఓట్లూ వేయించుకుని తాను మాత్రం ఒక్కటీ వెయ్యదా అని సైట్ల వాళ్ళు మండిపడ్డారు. అంతర్వికీ లింకులకి ఈ గుర్తు పడదు; వేల్స్ గారి కంపెనీ వికియా అప్పట్లో ఆ జాబితాలో ఉండేది. దాంతో ఇంకాస్త గోల.

నాకైతే ఆ నిర్ణయం తప్పనిపించదు. నాలాంటి వాళ్ళని ఆపడానికి ఇంకో దారేముంది? కాకపోతే దెబ్బ తిన్నది ఎవరంటే, ఏళ్ళ తరబడి కూర్చుని సమాచారం పోగేసినవాడు. అతని పేజీ సారాంశం వికీలోకెక్కి గూగుల్లో పైన కూర్చుంటుంది, అతనేమో అడుగున మూలాల్లో ఓ అంకె.

పోనీ లింకుల దాడి ఆగిందా? లేదు. సెర్చింజను లెక్కెయ్యకపోయినా మనుషులు నొక్కుతారుగా. 2019లో గూగుల్ కూడా నోఫాలోని ఆజ్ఞగా కాక సూచనగా చూస్తామంది. వికీలో మూలంగా ఉన్న సైటు డొమైన్ గడువు తీరితే దాన్ని కొనేసే ఘనులున్నారు. మరీ శృతి మించితే వికీమీడియా నిషేధ జాబితా ఉంది. అందులో పడ్డ సైటు లింకుతో ఏ వికీలోనూ దిద్దుబాటు భద్రం కాదు. మా కంపెనీ అందాకా వెళ్ళలేదు, అదృష్టం.

తర్వాతెప్పుడో మా ఊరి గుడి శాసనాల ఫోటోలు నా సొంత పేజీలో పెట్టాను. ఎవరో తెలుగు వికీలో మా ఊరి వ్యాసానికి దాన్ని మూలంగా ఇచ్చారు. నేను అడగలేదు, వాళ్ళెవరో తెలీదు. నెలకి పది పదిహేను మంది వస్తారంతే. మొన్న అలా వచ్చినాయన ఒకరు, మూడో ఫోటోలో నేను తప్పు చదివిన అక్షరాన్ని సరిచేసి మెయిల్ పంపారు.