తొలకరికీ కడవరికీ మధ్య

తుగ్గలి చుట్టుపక్కల తొలకరి పడిందంటే నాగలి కంటే ముందు జనం చేలల్లోకి దిగుతారు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి దాకా అదే వరస. తల వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ ఎర్రమట్టిలో వజ్రం కోసం వెతుకుతారు. పైమట్టి వానకు కొట్టుకుపోవాలి, మబ్బు విడిచి ఎండ పొడ తగలాలి, ఆ నిమిషానికి కన్ను అక్కడే ఉండాలి. మూడూ కుదిరిన మనిషికి దొరుకుతుంది. మిగతావాళ్లు పొద్దుగూకేసరికి నడుం పట్టుకుని చెట్టు కిందికి చేరతారు.

ఈ పల్లెల చర్చిల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: కనిపెట్టుకుని ఉండండి. బైబిలు తెలుగులో కనిపెట్టడమంటే ఎదురుచూడటం. బజారు తెలుగులో కనిపెట్టడమంటే జాడ పట్టుకోవడం. దేవుని సమయం మీద నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు గానీ, ఈ ఒక్క క్రియాపదం చెప్పినంత ఏ ప్రసంగమూ చెప్పలేదు. ఎదురుచూపూ, ఆనవాలు పట్టడమూ రెండూ అందులోనే ఉన్నాయి. ఒకదాని నుంచి రెండోదానికి ఎన్నేళ్లు పడుతుందన్నది మాత్రం పాత సంగతులు తిరగేస్తేనే తెలుస్తుంది.

బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1720ల చివర్లోనే బైబిలును తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు అనే విశ్వాసి సాయంతో సువార్తలు అనువదించాడు. అవి 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. డెస్ గ్రాంజెస్ 1810లోనే చనిపోయాడు, పుస్తకం కళ్లజూడలేదు. అదే 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారిలో లండన్ మిషన్‌కు పాదు వేశాడు. తుగ్గలి ఉన్న పత్తికొండ తాలూకా 1858 దాకా బళ్లారి జిల్లాలోదే కాబట్టి మన ప్రాంతానికి సువార్త గడప అదే అనుకోవచ్చు.

అయితే కాలం సంగతి బాగా తెలియాలంటే తూర్పుకు, ఒంగోలు దాకా వెళ్లాలి. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో తెలుగునాడు చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కే. ఆ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకసారి కాదు, పదే పదే జరిగింది. 1853లో ఆల్బనీ సభలో ఆ ప్రశ్న మళ్లీ లేచినప్పుడు, మిషన్ల పటం మీద తెలుగు దేశానికి నెల్లూరు ఒక్కటే చుక్క. ఆ మిషన్‌కు ఒంటరి నక్షత్రమన్న పేరు ఆ చుక్క వల్లనే స్థిరపడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఐదుగురే. కింద ఊరికి ఆ సంగతే తెలియదు. ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1866లో, మిషనరీ జాన్ క్లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

అక్కడి నుంచి కథ మలుపు తిప్పింది దొరలు కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తోళ్ల బేరం మీద ఊళ్లు తిరుగుతూ తన వాళ్లకు కబురు మోశాడు. మిషన్ నివేదికల్లో ఆయనకు దక్కిన చోటు, ఆయన నడిచిన దూరానికి సరితూగదని నా అభిప్రాయం.

తర్వాత ధాత కరువు. 1876లో వానలు ముఖం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప సీమలు బాగా దెబ్బతిన్నాయి. పంచాంగంలో ఆ ఏడు పేరు ధాత, అంటే పోషించేవాడు. జనం మాత్రం ఆ పేరును కరువుకే ఖాయం చేశారు. క్లో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా ఇవ్వలేదు. పదిహేను నెలలకు పైగా ఆపాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వెనుదిరగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. బోధకులు ఆరుగురు, నీళ్లలో ఒక్కో విడతకు ఇద్దరేసి. అందరూ ఈ అంకెనే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు ఆపిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఇది సమయం కాదని తెలుసుకోవడం కూడా కనిపెట్టడమే.

సంఘాల ఐక్యతకూ అలాంటి ఎదురుచూపు తప్పలేదు. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యకు 1912లో ఆ పదవి వచ్చింది. 1919 తరంగంబాడి సమావేశం నుంచి సంఘాల ఐక్యత కోసం పాతికేళ్లు పాటుపడి 1945 జనవరి 1న కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘం పుట్టింది 1947 సెప్టెంబరు 27న. మన పక్కనే నంద్యాల ఆంగ్లికన్లు అప్పట్లో అందులో చేరలేదు. ఐక్యత ఒక్క పూటలో పండే పంట కాదని అప్పటి మన జిల్లాయే చూపించింది.

ఇక్కడ ఒక పేచీ ఉంది. దేవుని సమయం అన్న మాట మనుషులు చేసిన ఆలస్యాన్ని కూడా కప్పేస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కాని దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకు తెరుచుకోలేదు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరి చేలకు అందకపోతే దానికీ ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం చదివి సరిపెట్టుకోమనడం అన్యాయం. ఆ అధ్యాయం నాటడానికీ పెరకడానికీ వేళలు చెప్పింది గానీ, ఒకరి వాటా నీళ్లు ఇంకొకరు ఆపుకోవడానికి వేళ చెప్పలేదు.

అయినా ఈ పల్లెల విశ్వాసులు తమ బతుకుల్లో రుతువులను బాగానే గుర్తుపడతారు. సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషి బోరు ఎండిన ఏడుతో మొదలుపెట్టి, వలస పోయిన ఊరి మీదుగా, బిడ్డ జ్వరం దాకా వస్తాడు. ఆనాడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది అంటాడు. అర్థమైందనే మాట ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసినప్పుడే వస్తుంది. కోత పండుగనాడు వేరుశనగ బస్తా, జొన్న కంకులు, కాళ్లు కట్టిన కోడి, గుమ్మడికాయ బల్ల ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. వంద రూపాయల గుమ్మడికాయ ఐదు వందలు పలుకుతుంది. పాడుకున్నవాడే దాన్ని మళ్లీ వేలానికి పెడతాడు.

పండుగ దాటితే సుగ్గి, అంటే కూలి వలసల కాలం, మొదలవుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పల్లెల నుంచి ఇళ్లకు తాళాలు వేసి మిరప కోతలకు గుంటూరు వైపు, తెలంగాణకు వెళతారు. క్రిస్మస్ రాత్రి చాలా పల్లెల్లో చాపల మీద ముసలివాళ్లూ, బడి పిల్లలూ మిగులుతారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ఉగాది.