సహపంక్తి నుంచి సిఫారసు దాకా: పాలమూరు వసతి గృహాల చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమ ఉండడం వల్ల నడిగడ్డ అనే పేరు పొందిన గద్వాల సీమ, కృష్ణకు ఉత్తరాన ఉన్న వనపర్తి, నల్లమల దాపున ఉన్న నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలుగా ఏర్పడేవరకు పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నప్పటికీ, నిజాం కాలంలో వాటి ఏలుబడి ఒక్కటి కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు. అంటే నిజాంకు పేష్కష్ అనే కప్పం చెల్లిస్తూ, లోపలి పాలనను తామే నడుపుకొన్న చిన్న రాజ్యాలు. నాగర్‌కర్నూలు నేరుగా ప్రభుత్వ అధికారుల కింద ఉన్న దివానీ తాలూకా కాగా, గద్వాల, అలంపురం తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో లెక్కకు వచ్చేవి. ఒకే బడిలో చదివిన పరిచయం ఉద్యోగానికి మెట్టు కావడమనే ఆచారం ఈ ప్రాంతంలో ఎలా పుట్టి ఎలా మారిందో పరిశీలించేవారు ముందుగా ఒక విషయాన్ని గమనించవలసి ఉంటుంది: ఇక్కడ ఆ బంధం తరగతి గదిలో కంటే వసతి గృహపు భోజనశాలలో ఎక్కువగా బలపడింది, దానికి కారణం చదువు సమృద్ధి కాదు, చదువు కరవు.

సంస్థానాల కాలంలో పరిచయమంటే గురువు పేరే. పండిత సత్కారాల వల్ల ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చుకున్న ఆస్థానానికి వచ్చే విద్వాంసుడికి, తాను ఏ శాస్త్రాన్ని ఎవరి పాదాల చెంత అభ్యసించాడో చెప్పుకోవడమే యోగ్యతాపత్రం. అయితే ఈ పద్ధతి పౌరోహిత్యానికీ, ఆస్థాన కవిత్వానికీ సరిపోయింది గాని, 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూను అధికార భాషగా నిలిపిన హైదరాబాదు ప్రభుత్వ కచేరీలకు సరిపోలేదు. వీధిబడిలో పెద్దబాలశిక్ష ముగించిన తెలుగు పిల్లవాడు కచేరీ గడప తొక్కాలంటే ఉర్దూ నేర్వాలి, ఉర్దూ నేర్వాలంటే రాజధానికి వెళ్లాలి, వెళితే తలదాచుకొనే చోటు కావాలి. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన సంవత్సరమే హైదరాబాదులో రెడ్డి హాస్టల్ కూడా వెలసిందన్న సంగతిని ఈ వరుసలో చూసినప్పుడే దాని అర్థం తెలుస్తుంది.

ఆ వసతి గృహానికి మూలపురుషుడు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి, వనపర్తిలో చదువుకొని, పోలీసు శాఖలో కింది మెట్టున చేరిన ఈయన 1920లో హైదరాబాదు కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, అయి 1934 వరకు ఆ పదవిలో ఉన్నాడు. నిజాంల పాలనలో హిందువుకు దక్కడం అరుదైన ఈ పదవిలో ఉన్న వ్యక్తి ఒక విద్యార్థి వసతి గృహాన్ని పోషించడంలో ధర్మబుద్ధితో పాటు లోకజ్ఞానం కూడా కనబడుతుంది. సంస్థానాధీశుల, దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాముల విరాళాలతో నడిచిన ఆ ఇంటి నుంచి బయటికి వచ్చిన యువకుడికి నగరంలో ఇక ముక్కూమొగం తెలియని మనిషి అన్న ఇబ్బంది ఉండేది కాదు.

నడిగడ్డలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) ఆ హాస్టల్ కార్యదర్శి కావడంతో దాని స్వభావం మరింత విస్తరించింది. తుంగభద్ర దాటితే వచ్చే బ్రిటిషు పట్టణం కర్నూలులోనూ, ఆపైన హైదరాబాదు, మద్రాసులలోనూ చదివిన ప్రతాపరెడ్డికి ఊరు విడిచి చదువుకోవడంలోని కష్టం తెలుసు. ఆయన 1920ల మధ్యలో ‘గోలకొండ పత్రిక’ను నడపడం మొదలుపెట్టి, 1934లో 354 మంది తెలంగాణ కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించాడు. పల్లెపల్లె నుంచి పద్యాలు తెప్పించుకొనే ఆ పనికి కావలసింది డబ్బు కంటే మనుషుల మధ్య నమ్మకం. చదువుకొన్న యువకులు ఊరూరా ఉండడం వల్ల అటువంటి నమ్మకం ఏర్పడుతుంది. 1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు.

వసతి గృహపు బంధం ఎప్పుడూ పోషకులు కోరిన దారినే నడిచిందని అనుకోవడం పొరపాటు. దేశ్‌ముఖుల సొమ్ముతో నడిచిన అదే ఇంట్లో ఉండి చదువుకొన్న రావి నారాయణరెడ్డి తరువాత దేశ్‌ముఖుల మీదనే సాయుధ పోరాటం నడిపిన కమ్యూనిస్టు నాయకుడయ్యాడు. సహపంక్తి భోజనం ఉద్యోగాన్నే కాదు, తిరుగుబాటును కూడా పంచిపెట్టగలదన్నమాట.

అయినా ఈ చరిత్రలోని లోపాన్ని దాచడం తగదు. హాస్టళ్లు కులాల పేర్లతో పుట్టాయి. కాబట్టి వాటి నుంచి పుట్టిన పలుకుబడి కూడా చాలావరకు కులాల దారుల్లోనే పారింది. ఉర్దూ కచేరీల భాష నుంచి తెలుగులోకి వచ్చిన రెండు మాటలు ఈ సంగతిని పట్టిస్తాయి. సిఫారసు అంటే తెలిసినవారు మరొకరి గురించి పలికే మంచి మాట. పైరవీ అంటే మొదట న్యాయస్థానంలో దావా వెంట తిరగడం, ఆ తరువాత కాలంలో పని కోసం పెద్దల వెంట తిరగడం. హాస్టల్ మిత్రుడున్న కుర్రవాడికి సిఫారసు దొరికితే, లేనివాడికి పైరవీ మిగిలింది.

1949లో జాగీర్ల, అంటే నిజాం ఇచ్చిన భూమి శిస్తు హక్కుల, రద్దుతో పోషకుల కాలం ముగిసింది. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ కళాశాల ప్రారంభమై, రాజు కొలువుండిన మందిరంలో పిల్లలు యంత్రాల కొలతలు నేర్చుకోసాగారు. గద్వాల కోట లోపల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర డిగ్రీ కళాశాల వెలసింది. నాగర్‌కర్నూలు సమీపంలోని పాలెంలో ప్రాచ్య కళాశాల, అంటే సంస్కృతాంధ్ర భాషలను ప్రధానంగా బోధించే కళాశాల, ఏర్పడి, జిల్లా స్థలచరిత్రలు రాసిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) వంటి పండితుడు అక్కడ బోధించాడు. డిప్లొమా ఉన్నవాడి చూపు ప్రాజెక్టుల మీద, ప్రాచ్యభాషా పట్టా ఉన్నవాడి చూపు బడుల్లోని తెలుగు పండిత పోస్టుల మీద ఉండేది గనుక, ఒక్కొక్క కళాశాల బంధం ఒక్కొక్క శాఖలో నిలదొక్కుకొంది. ఖాళీ ఎక్కడ ఉందన్న కబురు ప్రకటన కంటే ముందు సహాధ్యాయి నోటనే అందడం ఆ రోజుల్లో వింత కాదు.

ఇంతలో ప్రభుత్వమే బడికి మరో విలువ కట్టింది. నిజాం నాటి ముల్కీ నిబంధనలు పదిహేనేళ్ల నివాసాన్ని ఉద్యోగార్థి స్థానికతకు ఆధారంగా చూస్తే, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు అభ్యర్థి ఎక్కడ చదివాడన్న దానిని ప్రధానంగా చూసింది. ఎవరితో చదివారన్నది పోయి ఎక్కడ చదివారన్నది లెక్కకు రావడం చిన్న మార్పు కాదు. సిఫారసు చేసే మిత్రుడి స్థానంలో హాజరుపట్టీ నిలిచింది.

దీనికి సమాంతరంగా మరొక దారి తెరుచుకొంది. 1980లలో విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు, కుల హాస్టళ్ల వాకిలి దాటలేకపోయిన ఇళ్ల పిల్లలకు వసతినీ చదువునూ ఒకేచోట ఇచ్చాయి. 2012 నుంచి 2021 వరకు ఆ సంస్థల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ అలంపురంవాడు. ఆయన హయాంలో అక్కడి పూర్వ విద్యార్థులు ‘స్వేరోస్’ అనే పేరుతో, సోషల్ వెల్ఫేర్ అన్న మాటల తొలి అక్షరాలను తమ గుర్తుగా చేసుకొని, సంఘటితమయ్యారు. ప్రతాపరెడ్డి పుట్టిన గడ్డ మీదే పుట్టిన మరొకరు, నూరేళ్ల తరువాత, అదే వసతి గృహపు బంధాన్ని పూర్తిగా వేరే జనం కోసం మలిచారనడం అతిశయోక్తి కాదు; ఈసారి పోషకుడు జమీందారు కాక ప్రభుత్వ ఖజానా కావడం ఒక్కటే కాదు, పేద పిల్లలు తమ బడి పేరును దాచుకోకుండా బిరుదుగా చెప్పుకోవడం కూడా కొత్తదే.

2018 రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్, నారాయణపేట ‘జోగులాంబ’ జోన్‌గా, అంటే నియామకాల కోసం ఏర్పరచిన ఒకే విభాగంగా, మళ్లీ ఒక్కచోట చేరాయి. ఉద్యోగ ప్రకటనలు వెలువడే రోజుల్లో, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు తాము ఎక్కడ చదివారో ధ్రువపరిచే బోనఫైడ్ కాగితం కోసం, పట్టభద్రులైన యువతీయువకులు తాము చదివిన ఊరి బడి వరండాలో హెడ్‌మాస్టర్ గారి సంతకానికి వరుసలో నిలబడుతున్నారు.