మెర్లో పేరుతో దాగిన ద్రాక్ష

వైన్ సీసా మీది పేరు అన్నివేళలా నిజం చెప్పదు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో కార్మెనేర్ అనే నల్లద్రాక్ష ఉండేది. 1860ల తరువాత ఫిలాక్సెరా అనే వేరుపురుగు అక్కడి తోటలను నాశనం చేసింది. రైతులు అమెరికా ద్రాక్ష వేళ్లపై అంటుకట్టి తోటలు మళ్లీ వేశారు గాని, కాపు సరిగా నిలవని ఈ రకాన్ని వదిలేశారు. అంతరించినట్లే అనుకున్నారు.

అయితే పురుగు రాకముందే కొన్ని మొక్కలు చిలీ చేరాయి. అక్కడ మెర్లోతో కలిసిపోయి, ఆ పేరుతోనే అమ్ముడయ్యాయి. 1994లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాఁ-మిషెల్ బూర్సికో తోటలో చూసి గుర్తుపట్టారు. మెర్లోకన్నా వారాలు ఆలస్యంగా పండే కాయను మెర్లోతోపాటే కోసేస్తే పచ్చివాసన రాక ఏమవుతుంది!

నేనైతే కార్మెనేర్ అని స్పష్టంగా రాసిన సీసానే ఎంచుతాను. కొల్చాగువా లోయదైతే మరీ మంచిది. క్యాప్సికం వాసన ఘాటుగా కొడితే మాత్రం కాయ పండకముందే కోశారన్నమాట.