ఇరుగుపొరుగుల అరిసె

గుంటూరు, ప్రకాశము ప్రాంతముల పల్లెలలో సంక్రాంతికి ముందు నాలుగు దినములు వీథి వీథినా బెల్లపు పాకము వాసన నిండియుండును. ఆ దినములలో మూకుట వేగు అరిసెలు ఇంటివారికొరకు మాత్రమే కావు. అందు పొరుగింటి పాలు ముందే యేర్పడియుండును.

అరిసె ఒంటిచేతి వంట కాదు. బియ్యమును నానబోసి, నీరోడ్చి, తడియారకముందే దంచి జల్లింపవలెను. పాకము ముదిరినచో అరిసె గట్టిపడును. లేతదైనచో నూనెలో విచ్చిపోవును. పాకము కుదిరిన క్షణమున ఒకరు పిండి పోయుచుండగా వేఱొకరు కలియబెట్టవలెను. ఒకరు ఆకుపై తట్టి మూకుట వేయగా, మఱియొకరు వేగినదానిని తీసి చెక్కల నడుమ నూనె కారునట్లు నొక్కవలెను. కావున నేడు మా యింట, రేపు మీ యింట అని స్త్రీలు వంతులు వేసికొనిరి. పంచుకొనుట తినుటతో గాక చేయుటతోనే ఆరంభమైనది. వచ్చిన గిన్నెను వట్టిగా తిరిగి పంపరాదనుట పెద్దల మర్యాద.

ఆ గిన్నె విలువను నేల చరిత్రయు పెంచినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప తెనాలి, రేపల్లె ప్రాంతములు క్రమముగా వరిమాగాణులైనవి. పల్నాటి మెట్టలలో జొన్న, ప్రత్తి, మిరప పండెను. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలువఱకు అచ్చట పెక్కుమందికి వరియన్నము పండుగపూట భోగము. అట్టి బియ్యపు పిండివంటను పొరుగువారికిచ్చుట చిన్న విషయము కాదు.

అయితే ఈ చరిత్రను తీపితోనే ముగించుట న్యాయము కాదు. గిన్నె తిరిగిన దారికి హద్దులుండెను. చిన్ననాడు పొరుగింటికి గిన్నె మోసినవారమే మేమును. ఏ మలుపున ఆగవలెనో ఎవరును చెప్పకయే మాకు తెలిసెను. ప్రత్తి తీసిన చేతులకు, మిరపకాయలు కోసిన చేతులకు రైతు ఇంటి అరిసెలు గడప వెలుపల, కొంగులో పడెను. వారి యింటి వంట ఆ గడప దాటి లోనికి రాలేదు. ఒకవైపే సాగినది దానమగును గాని పొరుగుతనము కాదు.

1842లో హయ్యరు గుంటూరునకును, 1866లో జాన్ క్లౌ ఒంగోలునకును వచ్చిరి. 1878 జూలై 3న, గొప్ప కఱవు వెంటనే, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ గూడెములకు క్రిస్మసు వచ్చినను, దానికి చేసికొనిన పిండివంట మాత్రము అరిసెయే. డిసెంబరు 25న గూడెములో, మూడు వారములకు ఊరిలో, ఒకే పాకము వాసన. ఎదురు గిన్నె పంపుటకు వారికొక పండుగ కలిగెను. అందుకొనిన చేతులును గలవు, మూసికొనిన తలుపులును గలవు.

1950లో రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము బావిని, బడిని, గుడిని తెఱవగలదు. పొరుగువాని గిన్నెలోని అరిసెను నోట పెట్టుకొమ్మని ఆజ్ఞాపింపజాలదు. అది మనము చేయవలసిన పని.

నేడు అరిసెలు దుకాణములలో తూకమునకు దొరకుచున్నవి. రుచికి లోటుండకపోవచ్చును, కాని వానిని నొక్కుటకు పొరుగింటి చేయి అక్కఱలేదు. ఇంట చేసినను, అంగడిలో కొనినను, ఈ పండుగకు మనము ఎన్ని యిండ్లకు గిన్నె పంపితిమని గాక, ఎవరెవరి యింటినుండి వచ్చినది తింటిమని లెక్క చూచుకొందము.