నేల మీంచి గట్టెక్కిన వంట

తెలుగింటి వంటగదిలో గట్టు ఎప్పుడొచ్చిందో తెలియాలంటే, ఆ ఇంట్లోకి గ్యాస్ సిలిండర్ ఎప్పుడొచ్చిందో అడిగితే చాలు. చాలా ఇళ్లలో రెండింటి వయసూ ఒకటే. అంతకుముందు వంటంతా నేల మీదే సాగేది. నేల మీద పొయ్యి, దాన్ని అంటిపెట్టుకుని కోడిపొయ్యి, ఎదురుగా పీట, చేతికందే దూరంలో కత్తిపీట, మూలన సన్నికల్లు, పైన ఉట్టి, గోడలో గూళ్లు. తరగడం, వండడం, వార్చడం, వడ్డించడం అన్నీ కూర్చునే. ఇప్పుడు పాత ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు ముందుగా చెయ్యి పెట్టేది వంటింటి మీద. గట్టు రాయి మార్చాలి, నేలకు కొత్త టైల్స్ వేయించాలి, హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేయించాలి. ఈ మూడు కోరికలూ ఎక్కడ మొదలయ్యాయని వెతుక్కుంటూ పోతే చివరికి తేలేది పొగ దగ్గర.

కట్టెల పొయ్యి ఉన్నంతకాలం వంటిల్లు ఎక్కడుండాలో పొగే చెప్పింది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో వంటగది వెనక భాగానికి పోయింది. లేనివాళ్ల ఇళ్లలో పొయ్యి వసారా మూలకో, పెరట్లో పాక కిందికో చేరింది. పెంకుల సందుల్లోంచి పోగా మిగిలిన పొగ వాసాలకూ గోడలకూ మసై పట్టేది. పండక్కి సున్నం వేయించినా వంటింటి గోడ మళ్లీ నల్లబడడానికి ఎన్నాళ్లో పట్టేది కాదు. వంటగది వేరుగా ఉండడానికి మడి కారణమని చెబుతుంటారు. అదీ ఒక కారణమే, కాదనను. కానీ మడీ గిడీ లేని ఇళ్లలోనూ పొయ్యి దూరంగానే ఉండేది కదా!

ఈ పొగ మీద మొదట గట్టిగా పనిచేసినవాళ్లలో మన హైదరాబాద్ ఇంజనీరొకాయన ఉన్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు 1950ల తొలినాళ్లలో మట్టితోనే కట్టుకోగలిగే పొగరాని పొయ్యిని రూపొందించారు. సంస్థ పేరులోని పొడి అక్షరాలు కలిపి దాన్ని ‘హెర్ల్ చుల్హా’ అన్నారు. మంట ఒక గిన్నె కన్నం కిందనుంచి మరో గిన్నె కన్నం కిందికి పాకుతుంది, పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. దీని మీద ఆయన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అని ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. పొగరాని పొయ్యిల గురించి లోకం ఈనాటికీ మాట్లాడుకుంటుంటే ఆ పుస్తకం ఊసు తరచూ వస్తుంది. వంటింటి చరిత్రలో మనకు తెలియాల్సినంతగా తెలియని పేరు ఇది.

ఆ తర్వాత బొగ్గుల కుంపటి, పొట్టుపొయ్యి, వత్తుల స్టవ్, పంపు స్టవ్. పంపు స్టవ్ స్వీడన్ సరుకు. 1892లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేసిన ప్రైమస్ దాని తాత. ఇవన్నీ కట్టెలను తగ్గించాయి గానీ, వండే మనిషిని మాత్రం నేల మీంచి లేపలేదు.

లేపింది గ్యాసే. బర్మా షెల్ కంపెనీ 1950ల మధ్యలో బొంబాయిలో వంటగ్యాసు అమ్మకం మొదలుపెట్టింది. ఇండేన్ తొలి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. మన పట్టణాల్లో దరఖాస్తు పెట్టుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చాక గ్యాసు పల్లెకూ పాకకూ చేరింది.

గ్యాసుతోపాటు ఒక నియమమూ ఇంట్లోకొచ్చింది. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే పైకి పోదు, నేలబారున పరుచుకుంటుంది. నేల మీద స్టవ్ పెట్టి వెలిగిస్తే ఆ పరుచుకున్న గ్యాసుకు నిప్పు అందించినట్టే. కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన మెకానిక్కు స్టవ్ పెట్టే చోటు చూపించాలి. ఇంకేముంది, మేస్త్రికి కబురెళ్లింది. రెండు ఇటుక దిమ్మెలు, వాటి మీద ఒక కడప బండ, కింద ఖాళీలో 14.2 కిలోల సిలిండర్. తెలుగునాట లక్షల ఇళ్లలో తొలి గట్టు ఇదే. వాస్తుశిల్పులెవరూ గీయలేదు, పత్రికలేవీ ప్రచారం చేయలేదు. అమ్మమ్మలు కొన్నాళ్లు గొణిగారు, నిలబడి వండితే నడుం పడిపోతుందని. ఆ మాటలో కొంత నిజముంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఐరోపాలో నిలబడి వండడం పాత అలవాటే. అయితే గట్టు, సింకు, అరలు, డ్రాయర్లు ఒకే వరసలో అతికి కొలతల ప్రకారం కట్టిన వంటిల్లు 1926 నాటిది, దాన్ని గీసింది ఒక స్త్రీ. ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె ష్యూట్టె లిహోట్స్కీ. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఇళ్ల కరువు. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఎర్న్స్ట్ మే నాయకత్వంలో కార్మికులకు వేల ఇళ్లు కడుతుంటే, వాటి వంటిళ్ల బాధ్యత ఆమె మీద పడింది. రైలు పెట్టెల్లో భోజనం వండే ఇరుకు గదిని ఆమె నమూనాగా తీసుకుంది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. గోధుమపిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క డ్రాయరు. పప్పులకూ బియ్యానికీ పేర్లు చెక్కిన అల్యూమినియం డబ్బాలు, వాటికి పట్టుకోను పిడి, వంపుకోను ముక్కు. తరిగిన తొక్కలు తోసేయడానికి గట్టులోనే ఒక గాడి, ఆ కింద తీసి పారబోసుకునే పళ్లెం. ఎత్తు మార్చుకోగల తిరుగుడు స్టూలు, కిటికీ ముందు కూర్చుని తరుక్కోవడానికి. చెక్కలకు నీలం ఆకుపచ్చ కలిసిన రంగు వేయించింది, ఆ రంగుమీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మేవాళ్లు. ఇలాంటివి పదివేల దాకా కట్టారు, ఖర్చు అద్దెలో కలిపారు.

తమాషా ఏమిటంటే, ఈ వంటిల్లు గీసేనాటికి తనకు వంట చేసిన అనుభవమే లేదని ఆమే చెప్పుకుంది. గడియారం పట్టుకుని అడుగులు లెక్కపెట్టి గీసింది. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అంతకుముందే ఫ్యాక్టరీ లెక్కలను వంటింటికి పట్టించిన పుస్తకం రాసింది, లిహోట్స్కీ దాన్ని చదివింది. దాని మంచీ చెడూ రెండూ ఆ వంటింట్లో కనిపిస్తాయి. నడక తగ్గింది. కానీ రెండో మనిషికి చోటు లేదు. సాయం చేద్దామని ఎవరైనా వచ్చినా గుమ్మంలో నిలబడాల్సిందే. మన అపార్ట్‌మెంట్లలో ఇద్దరు నిలబడితే భుజాలు రాసుకునే వంటిళ్లన్నీ ఈ వంశానివే. నాజీలను ఎదిరించినందుకు 1941లో అరెస్టయి నాలుగేళ్లకు పైగా జైల్లో గడిపిన ఈ మహాతల్లి, 2000 సంవత్సరంలో నూట మూడో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు కన్నుమూసింది.

ఇక రాయి దగ్గరికి వద్దాం. తొలి గట్ల మీద కడప బండ పరవడానికి కారణం చవక, దగ్గర. అది సున్నపురాయి. దానికి పులుపు పడదు. నిమ్మచెక్క బోర్లించి మరిచిపోతే తెల్లారేసరికి పాలిష్ పోయి పాలిపోయిన గుండ్రటి మచ్చ మిగులుతుంది. చింతపండు పులుసూ, పెరుగూ, టమాటా రసమూ కొంచెం కొంచెంగా అదే పని చేస్తాయి. పులుపు లేనిదే పూట గడవని మన వంటింటికి ఆ రాయి ఎలా సరిపోతుంది? అందుకే గ్రానైట్ రాగానే కడప బండ గట్టు దిగింది. దిగి ఎటో పోలేదు. గట్టు కింద అరలకు నిలువు బండలుగా, అడ్డ బండలుగా చేరింది. ఇవాళ గట్టు పైన మెరిసే గ్రానైట్ ఎంత ఖరీదైనదైనా, కింద మోస్తున్నది చాలాచోట్ల ఆ కడప బండే.

గ్రానైట్ మనకు కొత్త కాదు. కాకతీయుల గుళ్ల నుంచి ఇంటి రుబ్బురోలు దాకా ఉంది. దాన్ని పలకలుగా కోసి అద్దంలా పాలిష్ చేయడం మాత్రం వజ్రపు పళ్ల రంపాలు అందుబాటులోకి వచ్చాకే సామాన్యుడికి అందింది. కరీంనగర్ గోధుమరంగు రాయి, ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్యాలక్సీ దేశదేశాల వంటిళ్లకు వెళ్లాయి. నల్లటి రాతిలో బంగారు నలుసుల్లా మెరిసే గ్యాలక్సీని భూగర్భశాస్త్రవేత్తలు గ్రానైట్‌గా లెక్కగట్టరు, గ్యాబ్రో జాతిలో వేస్తారు. ఆ మెరుపు బంగారమూ కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. బజారు వీటిని పట్టించుకోదు, పట్టించుకోనక్కర్లేదు కూడా. నిమ్మరసానికి చెక్కుచెదరదు, వేడి బాండీ దించినా భయం లేదు. వంటింటికి కావాల్సింది అదే.

ఇప్పుడు దాని స్థానానికి క్వార్ట్జ్ ఎసరు పెడుతోంది. ఇది కొండలోంచి తీసింది కాదు. పలుగురాయి పొడిని రెసిన్‌తో కలిపి, గాలి తీసేసి, అదిమి చేసే పలక. ఇటలీలో 1963లో పుట్టిన బ్రెటన్ అనే సంస్థ దీనికి మూలం. విశాఖ దగ్గర అచ్యుతాపురంలోనూ బ్రెటన్ సాంకేతికతతోనే పలకలు తయారై అమెరికాకు ఎగుమతి అవుతున్నాయి. చూపుకు బాగుంటుంది, మరక పట్టదు. కానీ అందులోని రెసిన్ వేడికి తట్టుకోదు. కుక్కర్ నేరుగా దించితే మచ్చ పడొచ్చు. దాన్ని కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము కార్మికుల ఊపిరితిత్తులను తినేస్తుందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి కృత్రిమ రాయిని నిషేధించింది. మన దగ్గర ఇంటి ముందే, తడి లేకుండా, మూతికి రుమాలు కట్టుకుని కోస్తున్న కుర్రాళ్లను చూస్తూనే ఉన్నాం. పలుగురాయి గ్రానైట్‌లోనూ ఉంటుంది గనుక అక్కడా నీళ్లు పోస్తూ కోయాల్సిందే.

నేల కథ చిన్నది. పేడ అలుకు, ఎర్ర గచ్చు, నాపరాళ్లు, తాండూరు బండలు, పాలరాతి ముక్కలు కలిపిన మొజాయిక్, ఆపైన విట్రిఫైడ్ టైల్స్. వీటిలో టైల్స్ నీటిని అరశాతం కూడా పీల్చవు. అసలు మార్పు వేరే ఉంది. పాత వంటింటి నేలకు వాలూ, మూలన తూమూ ఉండేవి, రోజూ కడిగేవాళ్లు. కొత్త వంటింట్లో తూము లేదు, తుడవడమే. అందుకని నున్నటి టైల్స్ హాల్లో వేయించుకున్నా, వంటింట్లో జారని రకమే వేయించండి. నూనె చుక్క మీద కాలు జారితే మెరుపు అక్కరకు రాదు.

ఆఖరిది గోడ. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో పూర్తిచేసిన జేకబ్స్ ఇంట్లో వంటచోటును భోజనాల బల్లకూ హాలుకూ తెరిచి పెట్టాడు. పనిమనుషులు లేని మధ్యతరగతి ఇల్లు అది. వండే గృహిణి కుటుంబం నుంచి విడిపోకూడదన్నది ఆలోచన. మన నగరాల్లో ఓపెన్ కిచెన్‌కు కారణమూ దాదాపు అదే, పైగా చిన్న ఫ్లాటు పెద్దగా కనిపిస్తుంది. నాకు నచ్చిన మార్పు ఇది. వంట చేసే మనిషి గోడ వెనక ఉంటే, ఆ పని ఎవరిదో మిగతావాళ్లు మరిచిపోతారు. అయితే ఎండుమిర్చి తాలింపు గోడ లేదని ఆగదు. పొగ గొట్టం బయటికి వెళ్లే చిమ్నీ లేకపోతే ఆ ఘాటు సోఫా మీదికీ పరుపుల మీదికీ చేరుతుంది. గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం మన వంటకు చాలదు. కొందరు వేపుళ్లకు వెనక యుటిలిటీలో ఇంకో స్టవ్ పెట్టుకుంటున్నారు. మళ్లీ పెరట్లోకే పోయింది పొయ్యి!

గోడ తీయించేముందు ఇంజనీరుకు చూపించండి. స్తంభాలూ దూలాల మీద నిలిచిన ఇంట్లో ఇటుక గోడ చాలావరకు అడ్డుతెర మాత్రమే, తీయొచ్చు. పాతకాలం ఇళ్లలో గోడే కప్పును మోస్తుంది. ఈమధ్య హైదరాబాద్‌లో అల్యూమినియం అచ్చులు పెట్టి కాంక్రీటు గోడలతో కడుతున్న టవర్లలోనూ అంతే. వాటిలో లోపలి గోడకు కన్నం పెట్టడమంటే పైవాళ్ల ఇంటికి కూడా ఎసరు పెట్టడమే.

ఇక అమ్మమ్మల గొణుగుడు దగ్గరికి వద్దాం. అందులోని నిజం గట్టు ఎత్తులో ఉంది. గట్టు ఎంత ఎత్తని అడిగితే, “అందరికీ ఇంతే పెడతామమ్మా” అంటాడు మేస్త్రి. అమెరికా కొలత 36 అంగుళాలు. కానీ అక్కడ పొయ్యి గట్టుకు సమానంగా దిగి ఉంటుంది. మనం గట్టు మీద స్టవ్, స్టవ్ మీద కుక్కర్ పెడతాం. అయిదడుగుల మనిషి కలియబెట్టాలంటే భుజం ఎత్తాలి. నిటారుగా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిచి, అందులోంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు తగ్గిస్తే గట్టు ఎత్తు వస్తుంది. స్టవ్ పెట్టే చోట ఇంకాస్త తగ్గించినా తప్పులేదు. రాయి రంగు ఎంచడానికి దుకాణాలు తిరిగే ముందు, ఆ ఇంట్లో ఎక్కువగా వండేదెవరో వాళ్లను నిలబెట్టి టేపు పట్టండి. ఇద్దరు వండితే ఇద్దరినీ కొలవండి.