నా పూచీ మీద చెబుతున్నాను

సొంత కథ చెప్పుకోవడం తేలిక, దాన్ని నాటకం చేయడమే కష్టమని మన విమర్శకులు కొందరు అంటూ ఉంటారు. రుమేనియాలో రోమా స్త్రీల నాటకాల సంగతి తెలిశాక నాకీ మాట తలకిందులుగా తోస్తోంది. అక్కడ ‘నేను’ అనడమే కష్టమైన పని.

ఐరోపావాళ్లు జిప్సీలన్న రోమా ప్రజలు దాదాపు వెయ్యేళ్ల కిందట భారతదేశం విడిచి వెళ్లినవారు. వలాకియాలో వారి ప్రసక్తి మొదట కనిపించే పత్రం 1385 నాటిది. ఏమిటా పత్రం? 40 కుటుంబాలను ఒక మఠానికి దఖలుపరచిన దానపత్రం! అటుపైన సుమారు ఐదు శతాబ్దాలు వారు రాజులకూ, మఠాలకూ, బొయార్లనే భూస్వాములకూ బానిసలు. 1855-56లో బానిసత్వం రద్దయినప్పుడు పరిహారం యజమానులకు ముట్టింది. విడుదలైనవారికి ఏమీ లేదు. 1942లో అంతొనెస్కు ప్రభుత్వం సుమారు 25,000 మందిని ట్రాన్స్‌నిస్ట్రియాకు తరిమితే, ఆకలికీ చలికీ జబ్బులకీ దాదాపు 11,000 మంది బలయ్యారు.

ఇక సాహిత్యం వారి ఆడవాళ్లకిచ్చిన వేషం ఒక్కటే: నాట్యమాడే మోహిని. 1831లో హ్యూగో సృష్టించిన ఎస్మెరాల్డా అయితే జిప్సీ కూడా కాదు, వాళ్లెత్తుకొచ్చిన ఫ్రెంచి పిల్ల. నాయికను చేయవలసి వచ్చేసరికి రక్తం మార్చవలసి వచ్చిందన్నమాట.

బుకారెస్ట్ పేదరికంలో పెరిగి నాటక విద్యాలయానికి చేరిన ఆలీనా షెర్బన్ తన కథను తానే రాసి, తానొక్కతే ఆడింది. ఆ నాటకం పేరుకు ‘నా సొంత పూచీ మీద ప్రకటిస్తున్నాను’ అని అర్థం. రుమేనియా కచేరీల్లో అర్జీదారుల చేత రాయించే మాట అది. పత్రాల్లో ఆస్తిగా నమోదైన జాతి ఆడపిల్ల అదే కచేరీ భాషలో కర్తగా నిలబడింది. దీన్ని వట్టి గోడు అనేవారికి శిల్పమంటే ఏమిటో నాకర్థం కాదు. 2016లో ఆమే ‘మహా సిగ్గు’ అన్న నాటకంలో ఆ బానిసత్వ చరిత్రనే వస్తువు చేసింది. ‘నేను’ ‘మేము’ అయింది.

2014లో మిహేలా ద్రాగన్, జీతా మోల్దోవన్ స్థాపించిన బృందం పేరు ‘జువ్లిపెన్’. స్త్రీవాదానికి రోమానీలో మాట లేక కొత్తగా కట్టుకున్నారు. ‘జువ్లి’ అంటే స్త్రీ. మన ‘యువతి’కి దాయాది.

ద్రాగన్ ఏకపాత్ర నాటకం ‘దెల్ దుమా’ చిన్నవయసు పెళ్లిళ్ల గురించి. ఇక్కడే చిక్కు. జాతిద్వేషులు రోమాలను దెప్పడానికి వాడుకునే మాటే ఇది. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. పరాయివాళ్ల ముందు ఇది విప్పవచ్చునా? విప్పకపోతే ఆ పిల్ల మాటేమిటి? నేను ద్రాగన్ పక్షమే. అయినా ఈ శంకను పిరికితనమని తీసిపారెయ్యలేను. మర్నాటి పత్రికలో ఏ వాక్యం ఎక్కుతుందో నాటకకర్త చేతిలో లేదు.