డ్రగ్స్ టెస్ట్: కిట్‌లో పాజిటివ్ వస్తే దొరికిపోయినట్టేనా? రక్తంలో మత్తును ల్యాబ్ ఎలా లెక్కగడుతుందంటే..

విజయవాడ హైవేపై అబ్దుల్లాపూర్‌మెట్, పెద్ద అంబర్‌పేట్.. గంజాయి పట్టివేత వార్తల్లో తరచూ వినిపించే పేర్లివి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకు హైదరాబాద్‌లోకి చేరే దారుల్లో ఇదొకటి. బండిలో దొరికిన సరుకైతే కాటా వేస్తే చాలు. మరి ఒంట్లోకి వెళ్లిన మత్తును తూచేదెలా?

కిట్ చెప్పేది అనుమానమే

పోలీసుల దగ్గరుండే యూరిన్ కిట్ నిమిషాల్లో రిజల్ట్ చూపిస్తుంది. కానీ ఒక్కోసారి డ్రగ్‌ను పోలిన మందులకూ స్పందిస్తుంది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌తో కొన్ని కిట్లు యాంఫెటమైన్ పాజిటివ్ చూపొచ్చు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌తో ఓపియేట్ పాజిటివ్ రావొచ్చు. కూరలో గసగసాలు దండిగా పడినా అంతే! అందుకే చివరికి తేల్చాల్సింది ల్యాబే.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్, రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉన్నాయి. 2017 టాలీవుడ్ డ్రగ్స్ కేసులో ఎక్సైజ్ సిట్ కొందరి రక్తం, గోళ్లు, వెంట్రుకల శాంపిల్స్ సేకరించింది.

వెంట్రుకంత ఫైబర్‌తో వేట

రక్తంలో ప్రొటీన్లు, కొవ్వులు, లవణాలు బోలెడు. వాటి మధ్య డ్రగ్ ఉండేది నానోగ్రాముల్లో. అంటే గ్రాములో 100 కోట్ల వంతు! ముందు దాన్ని బయటికి లాగాలి. ఇందుకు ద్రావకాలు వాడే పాత పద్ధతులు ఇప్పటికీ ఉన్నాయి. 1990లో కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీలో జానుస్ పావ్లిషిన్ మరో దారి చూపారు. అదే మైక్రో ఎక్స్‌ట్రాక్షన్. పాలిమర్ పూత ఉన్న సన్నటి ఫైబర్‌ను శాంపిల్‌లో ముంచితే, డ్రగ్ అణువులు ఆ పూతకు అంటుకుంటాయి. కొద్దిపాటి రక్తం చాలు, ద్రావకం దాదాపు అక్కర్లేదు.

అణువుకూ వేలిముద్ర

ఆ తర్వాత క్రోమటోగ్రఫీ అణువులను వేరు చేస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటికి విద్యుదావేశం ఇచ్చి, ముక్కలు చేసి, ఒక్కో ముక్క బరువు చూస్తుంది. ఏ డ్రగ్ ఎలాంటి ముక్కలవుతుందో ముందే తెలుసు కాబట్టి, ఆ నమూనా వేలిముద్రలా పట్టిస్తుంది. మరి ఎంత ఉంది? అదే డ్రగ్‌కు చెందిన కాస్త బరువైన రూపాన్ని, తెలిసిన మోతాదులో శాంపిల్‌కు ముందే కలుపుతారు. రెండింటినీ పోల్చి లెక్క తేలుస్తారు.

లెక్క ఎందుకంత కీలకం?

గసగసాల గొడవ వల్లే అమెరికా 1998లో ఉద్యోగుల యూరిన్ టెస్టుల్లో ఓపియేట్ పరిమితిని మిల్లీలీటర్‌కు 300 నుంచి 2,000 నానోగ్రాములకు పెంచింది. గంజాయి సంగతి మరోలా ఉంటుంది. మత్తునిచ్చే టీహెచ్‌సీ రక్తంలో గంటల్లోనే బాగా తగ్గిపోతుంది. రోజూ తాగేవాళ్ల యూరిన్‌లో మాత్రం దాని అవశేషాలు వారాల తరబడి ఉండొచ్చు. అంటే యూరిన్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ క్షణంలో మత్తులో ఉన్నట్టు కాదు.

ఏ డ్రగ్ అన్నదాన్ని బట్టే శిక్ష కూడా. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం కొకైన్, హెరాయిన్ వాడితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. గంజాయికైతే 6 నెలలు, 10 వేలు.

శాంపిల్ ఇచ్చేటప్పుడు వాడుతున్న మందుల పేర్లు డాక్టర్‌కు తప్పక చెప్పాలి. అలవాటు మానాలనుకుని స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవారికి ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. డీ-అడిక్షన్ సాయానికి టోల్‌ఫ్రీ నంబర్ 14446.